చేతుల ఖరీదు

డిసెంబరు మొదటి వారంలో హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ రంగు మారుతుంది. నెహ్రూ విగ్రహం దగ్గర బస్సు దిగి జీపీవో ముందునుంచి నడిస్తే, నిన్నటిదాకా మఫ్లర్లూ మంకీ టోపీలూ పరిచిన చోట ఎర్ర టోపీలు, జిగేలుమనే దండలు, రేకు గంటలు, మడత విప్పితే నక్షత్రమయ్యే అట్టలు కనిపిస్తాయి. వాటి మధ్య ఒక వస్తువు దగ్గర నా కాళ్ళు ఆగిపోతున్నాయి. భోజనాల బల్ల మధ్యలో పెట్టుకునే చిన్న రీత్ అది. ప్లాస్టిక్ ఆకులు గుండ్రంగా చుట్టి, ఎర్రటి పళ్ళ గుత్తులు గుచ్చి, కొవ్వొత్తి నిలబెట్టడానికి నడుమ చిన్న గిన్నె అమర్చారు. ధర ఎనభై. కాస్త నిలబడితే అమ్మే అబ్బాయే అరవైకి దిగుతాడు. అరవై రూపాయల్లో ఇలాంటిది నేను ఇంట్లో చెయ్యగలనా? నిలబడ్డచోటే లెక్క వేసుకున్నాను. తీగ, ఆకుపచ్చ కాగితం, రిబ్బను, బంక, కొవ్వొత్తి. మైదా ఇంట్లో ఉన్నదే కదా అనుకున్నా అరవై దాటిపోయింది. ఇక కూర్చుని చేసే సాయంత్రాలకి కూలి కడితే చెప్పనే అక్కర్లేదు. ఆ లెక్క తేలినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. నేను పెరిగిన ఇంట్లో పండక్కి బల్ల అలంకరణ చేత్తో చేసుకోవడానికి ఒకటే కారణం చెప్పేవారు, కొనే స్తోమత లేదని. ఇప్పుడు కొనడమే చవక. మరి చేసుకోవడం దేనికి? పోనీ, ఇంతకాలం మేం చెప్పుకున్న కారణం అసలు కారణమేనా?

నిజానికి మా ఇంట్లో భోజనాల బల్లే లేదు. చిరాగ్ అలీ లేన్ వెనక సందులో రెండు గదుల పోర్షన్ మాది. ఏడాదంతా చాప మీద కూర్చుని తినేవాళ్ళం. క్రిస్మస్ నాడు మాత్రం బల్ల ఉండి తీరాలి. ఎందుకు ఉండాలో ఎవరం అడగలేదు. బహుశా బడిలో చూసిన బొమ్మల వల్ల కావచ్చు, కార్డుల మీద అచ్చేసిన విందుల వల్ల కావచ్చు. రెండు ట్రంకు పెట్టెలు ఎదురెదురుగా జరిపి, వాటి మీద చెక్క పలకలు పేర్చి, ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి నేలదాకా జారేలా పరిచేవారు నాన్న. పెట్టెలు కనపడకూడదని ఆయన పట్టుదల. దుప్పటి మధ్యలో అమ్మమ్మ అల్లిన లేసు గుడ్డ. దాని మీద అలంకరణ. అలంకరణంటే ఏముంది, పోయినేడు వచ్చిన గ్రీటింగు కార్డులే. అప్పట్లో డిసెంబరు వచ్చిందంటే జీపీవో కౌంటర్ల దగ్గర నిలబడడానికి చోటుండేది కాదు. చుట్టాలూ స్నేహితులూ పంపిన కార్డులన్నీ అమ్మ బట్టల పెట్టె అడుగున దాచేది. పండగ ముందు వాటిని బయటికి తీసి, బొమ్మలు బ్లేడుతో అంచు వెంట కత్తిరించి, వెనక అట్టముక్క అంటించి నిలబెట్టేవాళ్ళం. గంటలు, గొర్రెల కాపరులు, ఒంటెల మీద జ్ఞానులు. ఒక్కో పళ్ళెం ముందు ఒక్కో బొమ్మ. భోజనానికి వచ్చేవాళ్ళలో ఎవరికే బొమ్మ రావాలో నేనూ చెల్లీ గంటలకొద్దీ తేల్చుకునేవాళ్ళం. సామర్లకోట పెద్దమ్మ పంపిన కార్డులోని దేవదూత ఎప్పుడూ పెద్దమ్మ ముందే ఉండాలి. ఆవిడ దాన్ని గుర్తుపట్టి "ఇది నేను పంపిందే కదమ్మా" అనాలి. అది జరిగితేనే మాకు పండగ.

ఈ ఊళ్ళో బల్ల అంటే చిన్న విషయం కాదు. ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనశాలలో 101 మంది ఒక్కసారే కూర్చునే బల్ల ఉంది. ఆ ప్యాలెస్‌ను తన సొంతం చేసుకున్న ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ ఇక్కడ ఒక దుకాణం తెరిచాడు. ఆ దుకాణం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం పేటకి మిగిలింది. అంగడి పేరుతో బతికే పేటలో పండగంటే ముందుగా కొనుగోలు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదేమో. కాస్త అటు నడిస్తే గన్‌ఫౌండ్రీ. ఫ్రెంచివాడు రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోయించిన చోటు. దానికి కూతవేటు దూరంలో సెయింట్ జోసఫ్స్ కతీడ్రల్. 1875లో క్రిస్మస్ ప్రార్థనతోనే ఆ గుడి తలుపులు తెరుచుకున్నాయి. ఇటలీ నుంచి తెచ్చిన అయిదు గంటలు 1892లో గోపురాల మీదికెక్కాయి. మేం వెళ్ళే చర్చి వేరైనా, అర్ధరాత్రి ఆ గంటలు మా సందుదాకా వినిపించేవి. అవి మోగేసరికి బల్ల సిద్ధం కావాలని అమ్మ గడువు పెట్టేది. ఇంతటి రాతి కట్టడాల మధ్య, రెండు ట్రంకు పెట్టెల మీద నిలబెట్టిన మా బల్లకి ఆ తొందరా ఆ గౌరవమూ ఎక్కడివి? ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

లేసు గుడ్డ గురించి చెప్పాలి. అమ్మమ్మది నర్సాపురం దగ్గర పల్లె. తాతయ్యకి రైల్వేలో ఉద్యోగం కావడంతో నాంపల్లికి వచ్చింది. వస్తూ తెచ్చుకున్న సామానులో ఒక డబ్బా నిండా దారపు ఉండలు, ఇనప సూదులు ఉండేవట. కొన వంపు తిరిగిన ఆ సూదిని ఆవిడ చేతివేళ్ళలో పట్టుకుంటే కదలిక కంటికి ఆనేది కాదు. దారం ఎడమ చూపుడువేలు మీదుగా జారుతూ ఉండేది. గొలుసు మీద గొలుసు, గుడి మీద గుడి, పువ్వు చుట్టూ పువ్వు. మాట్లాడుతూ, అన్నం ఉడికిందో లేదో అడుగుతూ, మమ్మల్ని కసురుతూ అల్లేది. చూపుడువేలు పక్కన దారం ఒరుసుకుని కాయకాసిన గీత ఉండేది. చిన్నప్పుడు దాన్ని నిమరడం నాకు ఇష్టం. ఆ గీత ఎందుకు పడిందో అప్పుడు ఆలోచించలేదు. ఆవిడ అల్లినవాటిలో మా ఇంట్లో మిగిలింది ఆ ఒక్క గుడ్డే. మిగతావన్నీ, పుట్టింట్లో ఉండగా అల్లినవన్నీ, ఎక్కడికి వెళ్ళాయని అడిగితే "సీమకి" అనేది. అంతకు మించి ఆవిడకీ తెలియదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. నర్సాపురం ప్రాంతానికి లేసు అల్లకం 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులతో వచ్చింది. మొదట క్రైస్తవంలోకి వచ్చిన పేద ఇళ్ళ ఆడవాళ్ళు నేర్చుకున్నారు, తర్వాత కాపు ఇళ్ళల్లోకీ పాకింది. గోదావరి జిల్లాల పల్లెల్లో అరుగుల మీద కూర్చుని అల్లిన గుడ్డలు ఐరోపాలో, అమెరికాలో బల్లల మీదికి వెళ్ళాయి. అంటే నేను ఏ కార్డుల మీది విందు బల్లల్ని చూసి ముచ్చటపడ్డానో, అలాంటి బల్లల మీద మా అమ్మమ్మ చెయ్యి ముందే ఉందన్నమాట. ఇది తెలిసిన రోజు నాకు కొంచెం గర్వం కలిగింది. ఆ గర్వం ఎక్కువకాలం నిలవలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు పనివారి మీద 1982లో ఒక పుస్తకం వేసింది. ఆవిడ చూపించిన సంగతి సూటిగా గుచ్చుకుంటుంది. రోజంతా అల్లే ఈ ఆడవాళ్ళని ఎవరూ పనివాళ్ళుగా లెక్కపెట్టలేదు. ఇంటి పట్టున ఉండే గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుతారు, అంతే అన్నారు. తీరిక వేళల పనికి కూలి ఎంతిస్తేనేం? వ్యాపారులు పెరిగారు, ఎగుమతులు పెరిగాయి, వేళ్ళ మీద గీతలు పెరిగాయి. సీమ బల్లల మీది అందం అంత చవగ్గా దొరకడానికి కారణం ఆ "తీరిక" అనే మాటే.

ఆ పుస్తకం చదివాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది అరవై రూపాయల రీత్‌ని మరోలా చూడడం మొదలైంది. ప్రపంచంలో అమ్ముడుపోయే క్రిస్మస్ అలంకరణల్లో అధిక భాగం చైనాలోని ఈవూ అనే ఊరి నుంచి వస్తుంది. అక్కడి వర్క్‌షాపుల్లో ఎరుపు పొడి అద్దుతూ, ప్లాస్టిక్ పళ్ళు గుచ్చుతూ ఎవరో కూర్చుంటారు. వాళ్ళలో చాలామందికి ఈ పండగతో సంబంధమే ఉండదు. ఓడెక్కి, లారీలెక్కి, బేగంబజారు హోల్‌సేల్ కొట్ల మీదుగా ఆబిడ్స్‌కి చేరి, నడుమ ఇంతమంది లాభం తీసుకున్నాక కూడా అరవై రూపాయలంటే, మొదట గుచ్చిన చేతికి ఎంత దక్కి ఉంటుంది? పావలా లెక్కలు నాకు తెలియవు, కానీ దిశ తెలుస్తోంది. చవక అన్నప్పుడల్లా ఎక్కడో ఒక చెయ్యి తక్కువ ధరకి పోతోంది. బొత్తిగా కొనకూడదని అంటున్నానా? ఫుట్‌పాత్ మీద అమ్ముకునే అబ్బాయికీ ఆ డిసెంబరు నెలే ఆదాయం. చేతిలో అరవై రూపాయలు మాత్రమే ఉన్న తల్లి, ఇళ్ళలో పనిచేసి అలిసి వచ్చే తల్లి, పిల్లల ముచ్చట కోసం ఆ రీత్ కొంటే ఆమెని ఒక్కమాట అనే హక్కు నాకు లేదు. నేను అడుగుతున్నది తీరిక ఉండీ, చేతులు ఉండీ కొనుక్కునే నాలాంటి వాళ్ళ గురించి.

ఇక్కడ ఇంకో సందేహం అడ్డం పడుతుంది. ఇంట్లో చేసుకుంటే మాత్రం చెయ్యి ఎవరిది? నాన్న పలకలు పేర్చేవారు, దుప్పటి సర్దేవారు, నిజమే. మిగతాదంతా అమ్మ. అరిసెల పాకం, గవ్వల పిండి, గులాబీ పువ్వుల మూకుడు, ఇల్లు కడగడం, కొత్త బట్టలకి హుక్కులు కుట్టడం, అన్నీ అయ్యాక రాత్రి పదకొండింటికి కార్డులు ముందేసుకుని కూర్చునేది. ఇంట్లో చేసినది కాబట్టి ఖర్చు లేదు అనుకునేవాళ్ళం. నర్సాపురం వ్యాపారి అన్న మాటే కదా ఇది! ఇంటి ఆడమనిషి వేళ్ళకి ధర కట్టకపోవడం వల్ల వచ్చిన చవకదనాన్ని పొదుపు అని ఎలా అనడం? చాలా రోజులు ఈ ప్రశ్న దగ్గరే తిరిగాను. ఇంట్లో చేసుకోవడం గొప్పదే, కానీ ఒక్క మనిషి మేలుకుని చేస్తే అది కాదు. ఇంట్లో అందరి చేతులూ పడాలి. అప్పుడే దాన్ని పొదుపు అనాలనిపిస్తుంది.

ఈ పండగ అలంకరణల పుట్టుక వెతికితే ధనవంతుల హాళ్ళకంటే పేద పిల్లలే ముందు కనిపిస్తారు. జర్మనీలో హాంబర్గ్ దగ్గర వీహెర్న్ అనే పాస్టరుగారు దిక్కులేని పిల్లల కోసం 1833లో ఒక ఆశ్రమం పెట్టాడు. డిసెంబరు మొదలైతే చాలు, పండగ ఇంకెన్ని రోజులుందని పిల్లలు రోజూ అడిగేవారట. 1839లో ఆయన పాత బండి చక్రం ఒకటి తీసుకుని దాని చుట్టూ కొవ్వొత్తులు నిలిపాడు. మామూలు రోజులకి చిన్న ఎర్రవి, నాలుగు ఆదివారాలకి నాలుగు పెద్ద తెల్లవి. రోజుకొకటి వెలిగిస్తూ పిల్లలు తామే రోజులు లెక్కపెట్టుకున్నారు. ఈనాడు చర్చిల్లోనూ ఇళ్ళలోనూ వెలిగించే నాలుగు కొవ్వొత్తుల రీత్ ఆ చక్రం నుంచి వచ్చిందే. ప్లాస్టిక్ పళ్ళూ ఎర్ర రిబ్బన్లూ తర్వాత చేరాయి. ఆ ఇంట్లో ఉన్నవి పాత చక్రం, మైనం, అడిగి అడిగి విసిగించే పిల్లలు. నీస్కీ అనే మరో జర్మన్ ఊళ్ళో మొరావియన్ బడిపిల్లలు క్షేత్రగణితం పాఠంగా కాగితంతో చేసిన నక్షత్రమే ఇవాళ ప్రపంచమంతా వేలాడే నక్షత్రాలకి పూర్వీకురాలు. పిల్లలకి లెక్క నేర్పడానికి చేసిన వస్తువు, పిల్లల ఎదురుచూపు తీర్చడానికి చేసిన వస్తువు. అంగడి కోసం కాదు.

మరి ఆబిడ్స్‌లో, నాంపల్లిలో బండి చక్రం ఏది? ఈ ప్రశ్న వేసుకున్నాకే మా బల్ల మారింది. డిసెంబరు వచ్చేసరికి ధూల్‌పేటలో, బేగంబజారులో సంక్రాంతి పతంగుల కాగితం కట్టలు దిగుతాయి. ఎంత పలచనంటే రెండోవైపు పెట్టిన వేళ్ళు కనిపిస్తాయి. ఎరుపు, పసుపు, గులాబి, చిలకపచ్చ. ఒక్కో తావు ధర చెప్పుకోదగ్గది కాదు. దానితోబాటు వెదురు పుల్లలు తెచ్చుకుంటే నక్షత్రానికి కావలసినంతా వచ్చినట్టే. చెయ్యడం ఇలా. జానెడు పుల్లలు పది. అయిదింటిని ఒకదాని మీదుగా ఒకటి, ఒకదాని కిందుగా ఒకటి పోనిచ్చి అయిదు కొనల చుక్కగా పేర్చి, కొనల దగ్గర దారంతో కట్టాలి. పుల్లలు దాటుకునే చోట్ల కూడా కట్టు వెయ్యాలి, లేకపోతే చుక్క వంకరపోతుంది. మిగిలిన అయిదింటితో ఇంకోటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కొనలు కలిపి కట్టాక, నడుమ అయిదు మూలల్లో రెండంగుళాల పుల్లముక్కలు అడ్డుగా దూరిస్తే చదునుగా ఉన్నది ఒక్కసారి పొట్ట పోసుకుని లేస్తుంది. ఆ క్షణం మా అబ్బాయికి ఎంత ఇష్టమో! ముడులు వేసేది వాడే. మైదా లై ఉడికించేది వాళ్ళ నాన్న. పుస్తకాల బైండింగు వాళ్ళు వేసినట్టు చిటికెడు మైలుతుత్తం వేస్తే లైకి పురుగు పట్టదు, కానీ చిన్నపిల్లలున్న ఇంట్లో అది విషం, వద్దు. కాగితం త్రికోణాలుగా కత్తిరించి అంచులకి అంటించాలి. తడికి ముడతలు పడి, పాడైపోయిందని అనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు. ఆరేకొద్దీ కాగితం బిగుసుకుంటుంది, తెల్లారి గోటితో మీటితే డప్పులా చప్పుడు చేస్తుంది. లోపల పెట్టడానికి ట్రూప్‌బజారులో దొరికే చిన్న బల్బుల సరం చాలు. కొవ్వొత్తి మాత్రం పెట్టకండి. కాగితం కన్నుమూసి తెరిచేలోగా అంటుకుంటుంది.

నక్షత్రం తర్వాత పూలు. బతుకమ్మ పేర్చే నేల ఇది. అడవిలో, చేలగట్ల మీద తమంతట తాము పూసే గునుగునీ తంగేడునీ తెచ్చి, పైసా ఖర్చు లేకుండా అంత అందం నిలబెట్టే ఆడవాళ్ళున్న నేల. ఆ పక్కనే ఉండి, కాగితపు పూలు కొనుక్కునే మా బల్లకి ఇన్నేళ్ళు ఆ సంగతి తట్టలేదు. గునుగు ఎండినా రూపు చెడదు. బతుకమ్మ రోజుల్లో మార్కెట్లో దొరికినప్పుడు ఒక కట్ట తెచ్చి తలకిందులుగా నీడలో వేలాడదీస్తే డిసెంబరుదాకా అలాగే ఉంటుంది. రంగు కొంచెం వెలుస్తుంది. ఆ వెలిసిన గులాబి తెల్ల దుప్పటి మీద కొత్త పూలకంటే నాకు బాగుంటుంది. దాని పక్కన పచ్చదనం కావాలంటే గోధుమ మొలకలు. లంబాడీ ఆడపిల్లలు తీజ్ పండక్కి బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచుతారు. ఫ్రాన్సులో ప్రోవాన్స్ ప్రాంతంవాళ్ళు డిసెంబరు 4న ఇలాగే పళ్ళేల్లో గోధుమలు మొలకెత్తించి క్రిస్మస్ బల్ల మీద పెడతారు. తండాకీ ప్రోవాన్స్‌కీ మధ్య ఎవరూ ఉత్తరాలు రాసుకోలేదు. మట్టి, గింజ, నీళ్ళు, ఎదురుచూపు, అంతటా అవే. మేం దీపావళికి మిగిలిన పెద్ద ప్రమిదల్లో చల్లుతాం. పండగనాటికి నాలుగు వేళ్ళ ఎత్తు పెరుగుతాయి. ఒక్కో పళ్ళెం దగ్గర ఒక్కో ప్రమిద.

వంటింట్లో ఉన్నవాటిని మరచిపోవడం కూడా విచిత్రమే. బిర్యానీ మూటలో వేసే అనాసపువ్వు పుట్టుకతోనే ఎనిమిది కొనల నక్షత్రం. దాన్ని కుండలో దాచి, బజారులో ప్లాస్టిక్ చుక్క కొంటున్నాం. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆ రోజుల్లో నాగపూర్ సంత్రాలు గుట్టలుగా ఉంటాయి. తొక్క వెడల్పుగా ఒలిచి, లోపలి తెలుపు గీకి, చుక్కల ఆకారంలో కోసి ఎండబెడితే రెండు మూడు రోజుల్లో గట్టిపడతాయి. వాటినీ అనాసపువ్వుల్నీ ఒకటి విడిచి ఒకటి దారానికి గుచ్చి కొవ్వొత్తుల చుట్టూ పరిస్తే ఆ వేడికి లేచే వాసన ఏ అంగట్లోనూ దొరకదు. పండగ అయ్యాక అనాసపువ్వులు మళ్ళీ డబ్బాలోకే పోతాయి. మా ఇంట్లో పొదుపు అంటే ఇదీ. తక్కువ డబ్బుకి కొన్న వస్తువు కాదు, పారెయ్యాల్సిన వస్తువే లేకపోవడం.

గులాబీలు మాత్రం కొంటాను. ఇరవై నాలుగు సాయంత్రం నాంపల్లి యూసుఫైన్ దర్గా దగ్గరికి వెళ్తాను. అక్కడ బుట్టల్లో రాసిపోసిన ఎర్ర గులాబీల వాసన రోడ్డు మలుపులోనే తగులుతుంది. నన్ను ఎరిగిన పూలాయన "పండక్కా అమ్మా?" అని అడిగి, తూకం అయ్యాక ఇంకో గుప్పెడు పొట్లంలో వేస్తాడు. దర్గా మీద చాదర్‌కి వెళ్ళే పూలూ మా బల్ల మీదికి వచ్చే పూలూ ఒకే బుట్టలోవి. ఈ ఊళ్ళో పుట్టినందుకు నేను సంతోషించే కారణాల్లో ఇదొకటి. అదే సమయానికి పక్కనే ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ స్టాళ్ళ పని జోరుగా సాగుతుంటుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత ఈ మైదానానికి మారిన ఆ సంత ఏటా కొత్త సంవత్సరంతో తెరుచుకుంటుంది. దేశం నలుమూలల నుంచీ చేతిపనివాళ్ళు వస్తారు. కొనడం గురించి నా మనసులో మెత్తని చోటు ఏదైనా ఉంటే అక్కడే ఉంది. చేసినవాళ్ళ ముఖం చూసి కొనే అవకాశం కాబట్టి.

అయినా ఒక్కోసారి రాత్రి లైట్లు ఆర్పాక అనిపిస్తుంది, ఇదంతా దేనికని. సత్రంలో చోటు దొరకని బిడ్డ పుట్టుకకి ఇంత అలంకారం తగునా? ఆ డబ్బూ ఆ వేళా ఆకలిగా ఉన్నవాళ్ళకి ఇవ్వొద్దా? ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తోసెయ్యలేను. కానీ సువార్తలో ఆ బిడ్డని పడుకోబెట్టింది పశువుల తొట్టిలో. తొట్టి అంటే పశువులు మేత తినే చోటు. పశువుల భోజనాల బల్లే కదా! గడ్డి మెత్తగా పరిచి, పొత్తిగుడ్డలు చుట్టి, ఉన్నంతలో ఆ తల్లి దాన్ని బిడ్డకి తగినట్టుగా చేసింది. కొన్నది ఏమీ లేదు. అలాగని ఊరికే వదిలెయ్యనూ లేదు. ఉన్నదాన్ని శ్రద్ధగా సర్దింది. వచ్చేవాళ్ళ కోసం చోటుని సిద్ధం చెయ్యడం అలంకరణ అయితే, అది ఆడంబరం కాదు, మర్యాద. మా ట్రంకు పెట్టెల బల్లకి ఉన్న గౌరవం అదేనని ఇప్పుడనిపిస్తోంది. ఆ బల్ల దగ్గర మేం తిన్నది తక్కువ, పెట్టింది ఎక్కువ. పై వాటాలో ఉండే ఖాలాజాన్ వాళ్ళు, ఎదురింటి మార్వాడీ అమ్మ, నాన్నతోబాటు పనిచేసేవాళ్ళు, చర్చి నుంచి పాస్టరమ్మగారు. మధ్యాహ్నందాకా ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. రాలేనివాళ్ళకి పళ్ళెంలో అరిసెలూ గవ్వలూ సర్ది, మీద జేబురుమాలు కప్పి పంపేవాళ్ళం. ఆకలిగా ఉన్నవాళ్ళకి పెట్టే చెయ్యీ బల్ల సర్దే చెయ్యీ ఒకటే అయినప్పుడు ఆ రెండింటికీ తగువు పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇన్ని చేసుకున్నా లేసు మాత్రం చేసుకోలేకపోయాం. అమ్మమ్మ నాకు నేర్పాలని కూర్చోబెట్టేది, నేను లేచి పారిపోయేదాన్ని. అమ్మ గొలుసు దాకా నేర్చుకుంది, పువ్వు రాలేదు. ఆ గుడ్డ మధ్యలో రెండు చోట్ల దారం తెగింది, అతుకు వేసేవాళ్ళు ఇక్కడ దొరకలేదు. ఒకప్పుడు గన్‌ఫౌండ్రీలోని లేపాక్షి ఎంపోరియంలో నర్సాపురం లేసు చూసి, ధర చూసి, చేతిసంచీ సర్దుకుని వచ్చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ధర ఎక్కువని అప్పుడు అనిపించింది. ఒక చిన్న గుడ్డ వెనక ఎన్ని రోజుల వేళ్ళున్నాయో అమ్మమ్మ పక్కన కూర్చున్నదాన్ని, నాకే గుర్తు రాలేదు. ఈ మధ్యే నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పత్రం మంచిదే, కానీ మిషను లేసు అదే డిజైనుతో సగం ధరకి పక్కన వేలాడుతుంటే పల్లెలో సూది పట్టేవాళ్ళు ఎన్నాళ్ళు పడతారు? అల్లేవాళ్ళు చాలామంది ఇప్పటికీ ఇళ్ళలోనే ఉన్నారు, ఇప్పటికీ మధ్యవర్తి చెప్పిన ధరే తీసుకుంటున్నారు.

అందుకని ఈ డిసెంబరుకి నా మనవి ఇంతే. నక్షత్రం ఇంట్లో చేసుకోండి, అందరూ కూర్చుని చేసుకోండి. గునుగు ఎండబెట్టుకోండి, గోధుమలు చల్లుకోండి, సంత్రా తొక్కలు పారెయ్యకండి. వాటి మీద మిగిలిన డబ్బు దగ్గర పెట్టుకుని, నుమాయిష్‌లోనో నర్సాపురంలోనో చేతి లేసు గుడ్డ ఒక్కటి కొనండి. చిన్నదైనా సరే. దాన్ని అల్లిన మనిషి ఎంత అడిగితే అంత ఇవ్వండి, బేరం ఆడకండి.